మన పండ్లు: పాత నిల్వ, కొత్త జమ

మన గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండినవి. ఈ రజతోత్సవ సంచికకు ఏదేని యొక చరిత్ర విషయమును వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను పండితుడను కాను. పగలు సహకార సంఘపు లెక్కలు వ్రాసి, సాయంకాలము ఈ గ్రంథాలయపు బల్లమీద నిఘంటువు ప్రక్కనుంచుకొని కావ్యములు చదువుకొన్నవాడను. రాజుల చరిత్రలు, యుద్ధముల చరిత్రలు వ్రాయుటకు పెద్దలు కలరు. నాకు తెలిసినది లెక్క యొక్కటియే. కావున మనమందరము చేతపట్టుకొని, తిని, టెంక పారవేసి మరచిపోవు పండ్లను గూర్చి యొక లెక్క వ్రాయ సాహసించుచున్నాను.

ఈ పనికి నన్ను పురికొల్పినది యొక బాలుని ప్రశ్న. కొన్ని యేండ్ల క్రిందట ఆశ్వయుజ మాసమున ఆ పిల్లవాడు చేత సీతాఫలముతో గ్రంథాలయము మెట్టుమీద కూర్చుండి, "తాతగారూ, ఇది సీతమ్మవారు అడవిలో తిన్న పండేనా అండీ?" అని నన్నడిగెను. "సందేహమేమిరా? పేరే చెప్పుచున్నదిగదా" అని నేను ధీమాగా చెప్పితిని. ఆ నెలలోనే మన గ్రంథాలయమున నున్న యొక వృక్షశాస్త్ర గ్రంథమును తిరగవేయుచుండగా, సీతాఫలమునకు పుట్టినిల్లు అమెరికా ఖండపు ఉష్ణదేశములని చదివి నిర్ఘాంతపోతిని. మరునాడు ఆ బాలుని పిలిచి, నేను చెప్పినది పొరపాటని యొప్పుకొంటిని. తప్పు అంకె పడినచో దానిని కొట్టివేసి, సరియైన అంకె వేసి, ప్రక్కన సంతకము చేయుట మా వృత్తిధర్మము. ఈ వ్యాసము అట్టి సంతకమే యని పాఠక మహాశయులు గ్రహింతురుగాక.

లెక్కకు నాలుగు భాగములు. మొదట పాత నిల్వ, పిమ్మట జమ, తరువాత ఖర్చు, తుదకు చేతనున్న నిల్వ. పండ్లలెక్కయు ఆ వరుసనే వ్రాయుదును.

పాత నిల్వలో మొదటి పద్దు మామిడి. భారతదేశపు ఈశాన్య భాగమును, దాని నంటియున్న బర్మా ప్రాంతమును మామిడికి జన్మభూమియని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. సంస్కృతమున దీనికి ఆమ్రము, చూతము, రసాలము అని పేర్లు. మిక్కిలి సువాసన గలది సహకారము. అమరసింహుని నిఘంటువునందు వనౌషధి వర్గమును తెరచి చూచినచో ఈ పేర్లన్నియు కనబడును. పనస, అరటి, నేరేడు, వెలగ, రేగు, దానిమ్మ మొదలగువానికిని అచ్చట స్థానము కలదు. అనాస, జామ, బొప్పాయి, సపోటాలకు మాత్రము ఆ నిఘంటువున పేరు లేదు. లేని వస్తువునకు పేరుండదుగదా!

రెండవ సాక్ష్యము మన పండుగలే. వినాయక చవితినాడు మనము స్వామికి సమర్పించు ఇరువదియొక్క పత్రిలో బదరీపత్రము కలదు, అనగా రేగు. చూతపత్రము కలదు, అనగా మామిడి. దాడిమీపత్రము దానిమ్మ. బిల్వపత్రము మారేడు. ప్రతి పెరటిలోను జామచెట్టున్నను, చేయి చాచిన ఆకు అందుచున్నను, ఆ పట్టికలో జామపత్రము లేదు. ఆ పట్టిక కట్టిన పెద్దలకు జామ తెలియదనుటకు ఇంతకంటె సులభమైన నిదర్శనము నాకు దొరకలేదు. ఆనాడే మనము నైవేద్యము పెట్టునది వెలగపండు. భోగినాడు పసిపిల్లల తలలపై పోయునవి రేగుపండ్లు. ఉగాదిపచ్చడిలో పడునది మామిడికాయ. శుభకార్యములలో గుమ్మమునకు మామిడాకు తోరణము, పందిటి గుంజలకు అరటిబోదెలు. పాత నిల్వలోని పండ్లు మన పంచాంగములో పాతుకొనిపోయినవి.

నేరేడుకు గల గౌరవము మరియొకదానికి లేదు. సంస్కృతమున నేరేడు జంబువు. సంకల్పము చెప్పునపుడు మనము నివసించు భూభాగమును జంబూద్వీపమందుము. అనగా మన పెద్దలు తమ దేశమునకు ఒక చెట్టు పేరు పెట్టుకొనిరి. చెరువుగట్టుమీద రాలి, త్రొక్కుడుపడి, నేలను ఊదారంగు చేయు ఆ పండును చూచినపుడు ఈ సంగతి మనకు జ్ఞాపకము రాదు.

పనస పెండ్లివారి పండు. గోదావరి సీమలో పనసపొట్టు కూర లేని పెండ్లి భోజనము భోజనము కాదందురు. తొనలు పిల్లలకు, గింజలు నిప్పులమీద కాల్చుకొనుటకు, కర్ర వీణకు. బొబ్బిలి వీణలు పనసకర్రతోనే చేయుదురు. అరటియో, ఆకు విస్తరికి, పువ్వు కూరకు, దూట పచ్చడికి, కాయ వేపుడుకు, పండు తాంబూలమునకు పనికివచ్చును. చక్రకేళి, అమృతపాణి, కర్పూరము, బొంత అను పేర్లు వినిన చాలును, మన వారు ఈ చెట్టును ఎంత శ్రద్ధతో పెంచిరో తెలియును. అరటి తొలుత ఆగ్నేయాసియా దీవుల ప్రాంతమున పెంపకమునకు వచ్చినదని శాస్త్రజ్ఞుల మతము. అయినను మన దేశమున దాని నివాసము మిక్కిలి ప్రాచీనమగుటచే పాత నిల్వలోనే వ్రాసితిని. చింతయు నట్టిదే. అది ఆఫ్రికా చెట్టు. కాని మనలో నెంత కలిసిపోయినదనగా, అరబ్బులు దానిని హిందూదేశపు ఖర్జూరమనిరి.

దూరదేశములనుండి వచ్చినవారు వ్రాసిపెట్టినదియు సాక్ష్యమే. 14వ శతాబ్దమున మన దేశమునకు వచ్చిన ఇబన్ బతూతా మామిడిని, పనసను, నేరేడును వర్ణించి, పచ్చి మామిడికాయలను ఉప్పులో ఊరవేసి అన్నముతో నంజుకొందురని వ్రాసెను. 1520 ప్రాంతమున విజయనగరము చూచిన పోర్చుగీసు యాత్రికుడు డోమింగో పాయెస్ ఆ నగరపు తోటలలో మామిడి, పనస, పోక, నిమ్మ, నారింజ చెట్లను చూచినట్లు చెప్పెను. అప్పుడు సింహాసనముననున్న శ్రీకృష్ణదేవరాయలు తన ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు ఋతువునుబట్టి భోజనము పెట్టుటను వర్ణించెను. వేసవి భోజనములో పండ్లు, ఎలనీరు, వడపిందెలు కలవు. వడపిందెలనగా ఊరవేసిన లేత మామిడిపిందెలు. రాయలవారి నాటి విస్తరిలోని ఆ ఊరగాయను నేడును మన యింటి ఆడవారు చేయుచున్నారు.

ఇక జమ వ్రాయుదము. 1498లో వాస్కో డ గామా కోళికోడు తీరమున దిగెను. 1510లో పోర్చుగీసువారు గోవాను పట్టుకొనిరి. వారికి ఒకవైపు బ్రెజిల్, మరియొకవైపు గోవా యుండెను. ఓడలు ఈ రెండింటి నడుమ తిరుగుచుండగా, వానిలో మిరియములు, గుడ్డలు, సైనికులతోబాటు గింజలును, పిలకలును ప్రయాణము చేసినవి. మన వంటయింటికి అంత పెద్ద జమ అంతకుముందు ఎన్నడును పడలేదు.

అనాస సంగతి మిక్కిలి చిత్రము. 1493లో కొలంబసు బృందమువారు గ్వాడలూపు దీవిలో దీనిని మొదట చూచిరి. బ్రెజిల్ ఆదివాసుల భాషలో దాని పేరు ననాస్. పోర్చుగీసువారు దానిని అననాస్ అనిరి, మనము అనాస అనుచున్నాము. మన ఊరి సంతలో బేరమాడు అవ్వ నోట సముద్రముల కావల నున్న యొక అడవిజాతివారి మాట నాలుగువందల యేండ్లకు పైగా చెడక నిలిచియున్నది! జహంగీరు చక్రవర్తి తన స్వీయచరిత్రలో, ఫిరంగీల రేవులనుండి వచ్చిన అనాస ఆగ్రా తోటలో కాచుచున్నదని వ్రాసికొనెను. నాడు చక్రవర్తికి వింతయైన పండు నేడు బండిమీద ముక్కలుగా కోసి ఉప్పు కారము చల్లి అమ్మబడుచున్నది.

జీడిమామిడి బ్రెజిల్ చెట్టు. మన అడవులలో ముందే యున్న నల్లజీడి గింజను పోలిన గింజ, మామిడిని పోలిన చెట్టు అనుకొని, మన వారు రెండు పాత పేర్లను కలిపి కొత్తదానికి పెట్టిరి. మలయాళులు మాత్రము దీనిని పఱంగిమావు అందురు, అనగా ఫిరంగీల మామిడి. కప్పల్ మావు అనియు అందురు, అనగా ఓడ మామిడి. వారు చిరునామా దాచలేదు. ఇసుకనేలలలోను, కొండవాలులలోను పెరుగు ఈ చెట్టువలన నేడు పలాసలో వేలకొలది కుటుంబములు జీవించుచున్నవి.

బొప్పాయి మెక్సికో, మధ్య అమెరికాల పండు. 1596లో అచ్చుపడిన డచ్చి యాత్రికుడు లిన్షోటెన్ గ్రంథము, అది స్పెయినువారి సీమలనుండి ఫిలిప్పీనులకు, అచ్చటినుండి మలక్కాకు, మలక్కానుండి భారతదేశమునకు వచ్చినదని చెప్పుచున్నది. కన్నడిగులు దానిని పరంగి హణ్ణు అందురు. జామయు అమెరికా ఖండమునుండియే వచ్చినది. సపోటాయు నట్టిదే. మెక్సికో ఆదివాసుల భాషలోని త్సపోట్ల్ అను మాట స్పానిషు భాషలో సపోతే యై, మనకు సపోటా యైనది.

ఇక నన్ను తప్పుచెప్పించిన సీతాఫలము. అది యొక్కటియేనా? రామఫలము, లక్ష్మణఫలము కూడ అమెరికా జాతులే. రామాయణ పరివారమునంతటిని మనము ఆ చెట్లకు నామకరణము చేసితిమి. దీనిపై వాదము లేకపోలేదు. భార్హుత్ స్తూపపు శిల్పములలో సీతాఫలము చెక్కబడియున్నదని అలెగ్జాండరు కన్నింగుహాము 1879లో వ్రాసెను. అది సీతాఫలము కాదని ఇతరులు ఖండించిరి. ప్రాచీన స్థలముల త్రవ్వకములలో దాని గింజ దొరికినదని ఇటీవల కొందరు చెప్పిరి. అయినను దాని బంధువులైన జాతులలో అత్యధిక భాగము అమెరికాలోనే పుట్టినవగుటచే, శాస్త్రజ్ఞులలో ఎక్కువమంది దానిని జమలోనే వ్రాయుచున్నారు. నేనును అట్లే వ్రాసితిని.

ఇట్లు వ్రాసినందున ఈ పండ్లు పరాయివని నా భావము కాదు. లెక్కలో పాత నిల్వ రూపాయికిని, జమ రూపాయికిని విలువలో భేదము లేదు. మారుపెరటివారు కోసి గోడమీదనుండి అందించు దోరజామకాయ, పాలమూరు గుట్టలలో నీరు పోయువారు లేకయే కాచి, గంపలకెక్కి పేదవారికి రెండుమాసముల జీవనమిచ్చు సీతాఫలము, దొడ్డిలో బావిగట్టున తానై మొలచి ఇంటిల్లిపాదికి కాయలిచ్చు బొప్పాయి, వీనిని పరాయివనుటకు ఎవనికి నోరు వచ్చును? తోటలు లేని పేదవానికి పండు రుచి చూపినవి ఇవియే.

అంతకంటె గొప్ప నిదర్శనము మన ఆవకాయ జాడీ. మామిడికాయ వేల యేండ్లుగా మనది. ఆవపిండి మనది, నూనె మనది. ఎఱ్ఱని కారము మాత్రము మనది కాదు. మిరప అమెరికాలో పుట్టి పోర్చుగీసుల ఓడలలో వచ్చినది. రాయలవారు మిరియపు ఘాటు ఎరుగుదురేగాని, గుంటూరు కారము ఎరుగరు. పాత నిల్వయు, కొత్త జమయు ఒక జాడీలో ఊరి, ఏది ఏదో వేరుచేయరాని రుచి యైనది. తెలుగువాడు ఎచ్చటికేగినను దానిని వెంటగొనిపోవుచున్నాడు.

ఇంతవరకు వ్రాయుట నాకు సంతోషముగనే యుండెను. ఇప్పుడు ఖర్చు వ్రాయవలసియున్నది. ఇచ్చట నా చేయి వణకుచున్నది.

మా తాతగారు ఈ గ్రామ కరణము. 1984లో ఆ ఉద్యోగములు రద్దగునాటికి మా తండ్రిగారు ఆ పని చూచుచుండిరి. తాతగారి కాగితములలో ఒక చిన్న పుస్తకము నాకు లభించినది. అందు ఊరి ఉత్తరపు తోపులోని మామిడిచెట్లు ఒక్కొక్కటి పేరుతో వ్రాయబడియున్నవి. బెల్లపు మామిడి, సోంపు మామిడి, గుడి మామిడి, పీచు మామిడి, అత్తగారి పుల్లన, ఇట్లు పదునొకండు చెట్లు. ప్రతి పేరునకు ఎదుట అది ఏ నెలలో పండునో, ఊరగాయకో రసమునకో, ఎవరి పెద్దలు నాటిరో వివరము. సర్కారు లెక్కలలో అది తోపు పోరంబోకు అను రెండు ముక్కలు మాత్రమే. తాతగారు తమ సంతృప్తికొరకు ఆ వివరమంతయు వ్రాసికొనిరి.

పదునెనిమిది సంవత్సరముల క్రిందట ఊరి పని యొకదానికి సొమ్ము చాలక, ఆ తోపును వేలము వేయవలెనని పెద్దలందరు నిశ్చయించిరి. ఆ సభలో నేనుంటిని. వలదని నేను చెప్పలేదు. కలప ఇన్ని ఘనపుటడుగులు, ధర ఇంత, మొత్తమింత అని వేలపు పట్టీ వ్రాసినది ఈ చేయియే. అంకెలు సరిపోయినవి. రుచి వ్రాయుటకు ఆ పట్టీలో గడి లేదు. తాతగారి పుస్తకము అప్పటికి నేను తెరచి చూచియుండలేదు. చూచితినా, నోరు మెదపకుందునా? ఆ ప్రశ్న నన్నిప్పటికి వదలలేదు.

చెట్టు పోయిన మరియొక చెట్టు నాటవచ్చునుగదా యని కొందరందురు. మామిడి విషయమున అది చెల్లదు. మన దేశపు మామిడిలో చాలవరకు టెంకనుండి మొలచిన మొక్క తల్లిచెట్టు వంటి పండును ఇయ్యదు. పుప్పొడి వేరొక చెట్టునుండి వచ్చుటచే ప్రతి టెంకయు ఒక కొత్త జాతకమే. తీపి చెట్టు టెంకకు పులుపు చెట్టు పుట్టవచ్చును. కావున నాటు మామిడి ప్రతి యొక్కటియు లోకములో ఒక్కటే. దాని కొమ్మ తీసి అంటు కట్టినచో మాత్రమే అది మరియొకచోట బ్రతుకును. అంటు కట్టకముందే కూలినచో, ఆ రుచి మరల భూమిమీద పుట్టదు. నేను వ్రాసిన పట్టీలో తొమ్మిది రుచులు అట్లు పోయినవి.

నేడు మనము తిను మేలురకములన్నియు ఒకనాడు ఎవరో అంటు కట్టి నిలిపినవే. బంగినపల్లి మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. నూజివీటి రసములు, సువర్ణరేఖ, కొత్తపల్లి కొబ్బరి, పంచదార కలశము, ఇవి ఒక్కొక్కటియు ఎవరి దొడ్డిలోనో మొదట ఒంటరి చెట్టుగా మొలచినవే. గుర్తించిన కన్ను, అంటు కట్టిన చేయి యుండబట్టి అవి నిలిచినవి. మన తోపునకు ఆ కన్ను తాతగారికి కలదు, ఆ చేయి నాకు లేకపోయినది.

తాటి సంగతియు ఖర్చులోనే వ్రాయవలెను. వేసవిలో ముంజెలు, శ్రావణ భాద్రపదములలో తాటిపండు, చలికాలమున తేగలు, బెల్లము, ఇంటికి కప్పు, దూలము, విసనకఱ్ఱ. ఇన్ని యిచ్చిన చెట్టును ఇటుక బట్టీలకు కట్టెగా కొట్టుచున్నాము. గ్రంథాలయమునకు వచ్చు మనము తాటిని మరువరాదు. అచ్చు రాకపూర్వము మన భారత భాగవతములు నిలిచినది తాటాకులమీదనే. గంటముతో కరణములు లెక్కలు వ్రాసిన కవిలె కట్టలును తాటాకులే. ఆ విధముగ చూచిన, తాటిచెట్టు మన మొదటి గ్రంథాలయము.

ఇక చేతనున్న నిల్వ. తాతగారి పట్టికలోని పదునొకండింటిలో రెండు బ్రతికియున్నవి. వేలపు హద్దునకు బయట పడుటచేత గుడి మామిడి, ఒకరి దొడ్డిలోనికి వంగియుండుటచేత సోంపు మామిడి దక్కినవి. సోంపు మామిడి మాను సగము తొఱ్ఱపోయినది. ఎన్ని వానలు నిలుచునో దైవమునకు తెలియును. గడచిన వేసవిలో దాని పండును, సీతాఫలము సంగతి నన్నడిగిన ఆ పిల్లవానికి ఇచ్చితిని. ఇప్పుడతడు కళాశాలలో చదువుచున్నాడు. కొరికి, కనులు మూసికొని, "ఇంత మంచి పండు మన ఊళ్లో ఉందని ఎవరూ చెప్పలేదేమండీ తాతగారూ?" అనెను. నాయొద్ద సమాధానము లేకపోయినది.

కావున ఈ రజతోత్సవ సందర్భమున సభ్యులకు నాదొక విన్నపము. వచ్చు వానకాలమున మామిడి టెంకలను తడి ఆరకముందే గ్రంథాలయపు దొడ్డిలో నాటుదము. మొలచిన మొక్కలకు అంటు కట్టుట తెలిసినవారిని పిలిపించి, ఈ రెండు చెట్ల కొమ్మలతో అంటు కట్టింతము. అంటు పట్టిన మొక్కను కోరిన యింటికొకటి యిత్తము. ఎవరి పొలముగట్టున, ఎవరి దొడ్డిలో పేరుగల పాత చెట్టు ఉన్నదో, వెలగయైనను నేరేడైనను, దాని వివరము వ్రాయుటకు గ్రంథాలయమున ఒక పుస్తకము తెరచియుంతము. మొదటి రెండు పుటలు తాతగారి పుస్తకమునుండి నేను ఎత్తి వ్రాసి యిత్తును. ఆ పుస్తకమున రుచికి ఒక గడి గీయుదును.

మన పెద్దలు సప్తసంతానములని చెప్పిరి. కుమారుడు, చెరువు, కావ్యము, నిధి, దేవాలయము, అగ్రహారము, వనము. మనిషి పోయిన పిదప అతని పేరు నిలుపునవి ఈ యేడు. పుస్తకమును, తోటను వారు ఒకే వరుసలో కూర్చుండబెట్టిరి. ఇరువదియైదేండ్ల క్రిందట ఈ గ్రంథాలయమును స్థాపించిన మహనీయులు అందొకటి మనకిచ్చిరి. రెండవదానిని మనము ముందు తరమువారికి ఇచ్చినచో, స్వర్ణోత్సవ సంచిక వ్రాయువాడు ఖర్చు తక్కువగను, నిల్వ ఎక్కువగను చూపగలడు.

గ్రంథాలయము వర్ధిల్లుగాక. చెట్లు కాయుగాక.